మార్చి ఎండకూ వడగళ్లకూ మధ్య టమాటా నారు నాటడం

ఫిబ్రవరి రెండో వారంలో ప్రోట్రేలో, అంటే గళ్ల నారు ట్రేలో, విత్తిన టమాటా నారు నాలుగైదు ఆకులు తొడిగి నాటడానికి సిద్ధంగా ఉన్నదనీ, అయితే మార్చి మధ్యకు రాకముందే పగటి ఎండ 37 డిగ్రీలు దాటి, ఆ మర్నాటి సాయంత్రమే ఈదురుగాలితో వడగళ్లు పడడంతో నాటాలో ఆగాలో తేలడం లేదనీ మీరు అడిగారు. హైదరాబాద్ నిజాంపేటలో మీకు మిద్దె మీద ఇరవై దాకా గ్రో బ్యాగులు, ఇంటి వెనుక ఎర్రమట్టి మడి ఒకటి ఉన్నాయనీ, నారులో సగం మామూలు హైబ్రిడ్, సగం చెర్రీ టమాటా అనీ కూడా రాశారు. వాతావరణం కుదుటపడ్డాక నాటుదామనుకుంటే ఈ ఊళ్లో జూన్ దాకా ఆగవలసి వస్తుంది కనుక ఆ ఎదురుచూపు మానుకోండి. నాటే రోజు ఎండ మండినా వాన ముంచుకొచ్చినా మొక్కకు అడ్డు పెట్టి ఆ రోజును దాటించవచ్చు. ఆ మొక్క పూతకు వచ్చే రోజుల్లో రాత్రి ఎంత వేడిగా ఉంటుందన్నదే మన చేతిలో లేని సంగతి, నిర్ణయం దాన్ని బట్టే తీసుకోవాలి.

టమాటా పెంపకం గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలా భాగం చలి దేశాల వారు రాసినవి. అక్కడ వసంతమంటే మళ్లీ మంచు పడుతుందేమోనన్న భయం. అందుకే వారు నేలను వేడెక్కించే నల్ల ప్లాస్టిక్ గురించీ, రాత్రిపూట మొక్కలకు కప్పే గుడ్డల గురించీ అంత వివరంగా రాస్తారు. హైదరాబాద్‌లో శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక ఆ భయానికి తావు లేదు. ఇక్కడ లేత నారును చంపేవి పొడి గాలి, పడమటి ఎండ, కాగిన స్లాబు, సాయంత్రపు గాలివాన, వాటన్నిటి తరువాత తెల్లదోమ. మార్చిలో మడికి నల్ల ప్లాస్టిక్ పరిచితే వేర్లు ఉడికిపోతాయి. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు పొలాల్లో నేలను కప్పడానికి పరిచే మల్చింగ్ షీటుకు ఒక వైపు వెండి రంగు ఉంటుంది. ఆ వైపు పైకి ఉంచితే ఎండ వెనక్కి మళ్లడమే కాక తెల్లదోమ, తామర పురుగులు కూడా కొంత తక్కువగా వాలతాయి. మీ మడికి అదీ అక్కరలేదు, మూడు అంగుళాల మందాన వరిగడ్డి గాని ఎండుటాకులు గాని చాలు.

ఇక పూత లెక్క. నాటిన నారు కుదురుకొని మొదటి పూగుత్తి వేయడానికి సుమారు 25 నుంచి 30 రోజులు పడుతుంది, అంటే మార్చి మధ్యలో నాటినది ఏప్రిల్ మధ్యకు పూస్తుంది. టమాటాలో పిందె బాగా కట్టాలంటే రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. 21 దాటిన కొద్దీ పిందె తగ్గుతూ వస్తుంది, పగలు 35 దాటితే పుప్పొడి సత్తువ పడిపోతుంది. హైదరాబాద్‌లో రాత్రి కనిష్ఠం సగటున ఫిబ్రవరిలో 18 దగ్గర, మార్చిలో 21 దగ్గర, ఏప్రిల్‌లో 24 దగ్గర ఉండి, మే నెలలో 26 దాకా వెళుతుంది. ఇవి నీడపట్టున ఉంచిన థర్మామీటరు చెప్పే అంకెలు. పగలంతా కాగి చీకటి పడ్డాక కూడా సెగలు వదిలే స్లాబు మీద మరికొంత కలుపుకోవాలి. ఇంకొక సంగతి చాలామంది గమనించరు: పుప్పొడి పువ్వు విచ్చుకునే రోజున తయారయ్యేది కాదు, అంతకు వారం పది రోజుల ముందే మొగ్గలో రూపుదిద్దుకుంటుంది. అందువల్ల ఈ రోజు వీచిన వడగాలి దెబ్బ పది రోజుల తరువాత రాలిన పూతగా బయటపడుతుంది. ఆ రోజు గనుక మబ్బు పట్టి నాలుగు చినుకులు పడి ఉంటే, వాన వల్లే పూత రాలిందని తప్పు కారణం చెప్పుకుంటాం. వేసవి టమాటాను మన దగ్గర జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే నాటమని సిఫార్సు చేయడానికి ఈ లెక్కే ఆధారం, ఆ లెక్కన మీ నారు దాదాపు ఒక నెల ఆలస్యం.

ఆలస్యమైందని పారవేయనక్కరలేదు, కానీ రెండు రకాలనూ ఒకే తీరుగా చూడవద్దు. చెర్రీ టమాటా వంటి చిన్న కాయల రకాలు పెద్ద కాయల వాటికన్నా వేడిలో మెరుగ్గా పిందె కడతాయి కనుక వాటిని ఆలస్యం చేయకుండా నాటండి. హైబ్రిడ్ నారులో దృఢంగా ఉన్న నాలుగైదింటిని మాత్రం వెనుక మడిలో, మధ్యాహ్నం తరువాత గోడ నీడ పడే చోట నాటి, వాటి నుంచి మొదటి రెండు గుత్తుల కన్నా ఎక్కువ ఆశించకండి. మిగిలిన హైబ్రిడ్ నారును ఎవరికైనా ఇచ్చివేయడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఏప్రిల్, మే నెలల్లో కాయ లేని మొక్కకు రోజుకు రెండు పూటలా నీళ్లు మోయడం వల్ల చివరికి తెల్లదోమను పెంచినట్టే అవుతుంది. వచ్చే ఏడాది ఈ సమయానికే నాటవలసి వస్తే రకాన్ని ముందే ఎంచుకోండి. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన పూసా సదాబహార్ రాత్రి వేడిలోనూ చలిలోనూ పిందె కట్టే గుణం కోసం రూపొందినది. పెరియకుళం నుంచి వచ్చిన పి.కె.ఎం.1 కూడా ఎండను కొంత ఓర్చుకుంటుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క రక్షక్ ఆకుముడత వైరస్‌ను, బాక్టీరియా వడలు తెగులును, ఆకుమాడును తట్టుకునే మంచి రకమే గాని, తెగులును తట్టుకునే రకం వేడిని కూడా తట్టుకుంటుందని భావించి కొనకండి.

వడగళ్ల సంగతికి వస్తే, మార్చి నుంచి మే దాకా మన మీద పడే గాలివానలు ఒకే తీరులో పుడతాయి. విదర్భ, మరాఠ్వాడాల వైపు నుంచి తెలంగాణ, కర్ణాటకల మీదుగా తమిళనాడు దాకా సాగే ద్రోణి, అంటే గాలి పీడనం తక్కువగా ఉండే పొడవాటి పట్టీ, ఏర్పడినప్పుడు, బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలి వాయవ్యం నుంచి వచ్చే పొడి వేడి గాలిని కలుసుకుంటుంది. మధ్యాహ్నం దాకా నేల బాగా కాగితే ఆ తేమ నిట్టనిలువుగా పైకి లేచి మేఘమై, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది లోపు విరుచుకుపడుతుంది. అంటే ఎండ మండిపోయిన రోజుకూ వడగళ్లు పడిన సాయంత్రానికీ మధ్య వైరుధ్యమేమీ లేదు, ద్రోణి ఉన్న రోజుల్లో మొదటిది రెండోదానికి కారణం. ఉదయం నుంచే ఉక్కపోతగా ఉండి, వార్తల్లో ఉపరితల ద్రోణి అన్న మాట వినిపించి, మధ్యాహ్నం పడమట గోపురంలా మబ్బు లేస్తుంటే ఆ సాయంత్రం నాటడం వాయిదా వేసుకోవచ్చు. అయితే ఇటువంటి మేఘం కొన్ని కిలోమీటర్ల వెడల్పు మాత్రమే ఉంటుంది కనుక కూకట్‌పల్లిలో వడగళ్లు పడిన సాయంత్రమే ఉప్పల్‌లో దుమ్ము మాత్రమే లేవవచ్చు. జిల్లా మొత్తానికి ముందు రోజు ఇచ్చే అంచనాను మొక్కల మీద కప్పే నెట్ సిద్ధం చేసుకోవడానికి వాడుకోండి. అసలు కప్పాలా వద్దా అన్నది వాతావరణ శాఖ మూడేసి గంటలకు ఇచ్చే తక్షణ హెచ్చరికనూ, హైదరాబాద్ డాప్లర్ రాడార్ చిత్రాన్నీ చూసి తేల్చుకోండి. పసుపు రంగు హెచ్చరికకే కంగారుపడితే ఈ మూడు నెలలూ కంగారులోనే గడుస్తాయి. నారింజ రంగు వచ్చినప్పుడు మాత్రం కుండీలు జరపడానికి ఒకరిని తోడు పిలుచుకోండి. ఉరుములు మొదలయ్యాక మాత్రం మొక్కల కోసం మిద్దె ఎక్కకండి, ఖాళీ మిద్దె మీద ఎత్తుగా నిలబడిన మనిషికి పిడుగు ముప్పు ఎక్కువ.

నాటడానికి ముందు నారును గట్టిపరచడం ఎక్కడైనా అవసరమే, కానీ ఇక్కడ గట్టిపరచవలసింది ఎండకూ గాలికీ. మీ ట్రే ఇన్నాళ్లు బాల్కనీలో వెలుతురు మాత్రమే తగిలే చోట ఉంది కనుక మొదటి రెండు రోజులు ఉదయం తొమ్మిది దాకా మాత్రమే ఎండ తగలనిచ్చి, ఆ తరువాత రోజూ కొద్దికొద్దిగా పెంచుతూ వారం రోజుల్లో ఉదయం పదకొండింటి దాకా తీసుకువెళ్లండి. అదే వారంలో నీటిని తగ్గించండి, ఆకు కాస్త వాలబోతున్నదనిపించినప్పుడే ఇవ్వండి. యూరియా గాని మరే నత్రజని ఎరువు గాని ముట్టుకోకండి. నీడలో పెరిగిన ఆకును ఒక్కసారిగా మార్చి ఎండలో పెడితే రెండో రోజుకే తెల్లగా, కాగితంలా ఎండిన మచ్చలు పడతాయి. దాన్ని తెగులనుకొని మందు కొట్టే వారిని చాలామందిని చూశాను. అది ఎండదెబ్బ, కొత్త ఆకు వచ్చాక దానంతట అదే సర్దుకుంటుంది. చదరపు గళ్ల ట్రేలో నారు నెల రోజులు దాటితే వేర్లు గడి అంతటా చుట్టుకుపోయి మొక్క మొండికేస్తుంది. గాలివానల వారం అడ్డు వచ్చి నాటడం కుదరకపోతే, నారును నాలుగు అంగుళాల కవర్లలోకి గాని, అడుగున చిల్లులు పెట్టిన కాగితపు కప్పుల్లోకి గాని మార్చండి, మరో పది పన్నెండు రోజుల వ్యవధి దొరుకుతుంది. ఇంత అస్థిరమైన వాతావరణంలో నారు ఎత్తి పక్కకు పెట్టుకోగలిగే కవరులో ఉండడమే పెద్ద సౌలభ్యం, దాన్ని తొందరపడి వదులుకోకండి.

నాటడం సాయంత్రం ఐదున్నర తరువాతే పెట్టుకోండి, మొక్కకు రాత్రంతా కుదురుకునే సమయం దొరుకుతుంది. ట్రేను అరగంట ముందు నీటితో తడిపి, వేరు చుట్టూ ఉన్న కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ముద్ద విరగకుండా తీయండి. టమాటా కాండం మట్టిలో పూడ్చిన మేరకు కొత్త వేర్లు వేస్తుంది. కనుక కింది రెండు ఆకులు తుంచి, మిగిలిన ఆకుల మొదలు దాకా లోతుగా నాటండి. సన్నగా సాగిపోయిన నారు ఉంటే దాన్ని ఏటవాలుగా పడుకోబెట్టి తల మాత్రం పైకి ఉంచండి. అంటు కట్టిన నారైతే మాత్రం అంటు మట్టిలోకి పోకూడదు. మిద్దె మీద సంచి ఎంత పెద్దదైతే అంత మేలు. పన్నెండు అంగుళాల సంచి చెర్రీకి సరిపోతుంది గాని హైబ్రిడ్‌కు పదిహేను కావాలి, ఎందుకంటే మట్టి తక్కువైతే ఏప్రిల్‌లో మధ్యాహ్నానికే అడుగు దాకా ఎండిపోతుంది. సంచులను స్లాబు మీద నేరుగా పెట్టకుండా ఇటుకల మీదో ఇనుప స్టాండు మీదో ఎత్తండి, పడమటి వైపు సంచికి తడి గోనెపట్టా చుట్టండి. ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ప్రకారం మిద్దెకు తెల్ల రంగు వేయించుకున్న వారి మొక్కలకు కూడా ఈ కాలంలో మేలు కనిపిస్తుంది; రంగు ఖర్చు పెట్టలేకపోతే సున్నం వేసినా కొంత పని చేస్తుంది.

నీటి విషయంలో ఎక్కువ మొక్కలు పోయేది ఎండవల్ల కాదు, ఎండను చూసి మనం పడే ఆందోళన వల్ల. మధ్యాహ్నం రెండు గంటలకు నారు తల వాల్చితే పైపు తీసుకొని పరుగెత్తుతారు. వేర్లు తీసుకునే నీటికన్నా ఆకులు వదిలే నీరు ఎక్కువైనప్పుడు మొక్క వాలడం సహజం, సాయంత్రానికి అదే లేచి నిలబడుతుంది. వేలు రెండు కణుపులు మట్టిలోకి దించి చూసి, తడి తగిలితే నీరు పోయకండి. ఉదయం ఏడు గంటలకు కూడా వాలి ఉంటే అప్పుడు ఆలోచించాలి, అది నీటి కరువైనా కావచ్చు, కుళ్లైనా కావచ్చు, వడలు తెగులైనా కావచ్చు. పొద్దున్నే ఒకసారి సంచి అడుగు చిల్లుల నుంచి నీరు చెమ్మగిల్లే దాకా పోయండి. ఏప్రిల్‌లో చీకటి పడే ముందు మరోసారి సగం మోతాదు పోయవచ్చు. మిద్దె మీద పైపులో నిలిచిన నీరు మధ్యాహ్నానికి చేయి కాలేంత వేడెక్కుతుంది, నల్ల ట్యాంకు నీరూ అంతే. మొదటి బకెట్ నీటిని పక్కన పట్టి చల్లారనిచ్చాకే మొక్కకు వాడండి. వాన పడిన మర్నాడు అలవాటు కొద్దీ నీరు పోయడం మరో పొరపాటు, వేడి మట్టిలో నిలిచిన తడి నారుకుళ్లుకు పిలుపు.

నీడ కోసం అందరూ ఆకుపచ్చ షేడ్ నెట్ కొంటారు, దుకాణంలో 75 శాతం ఎండను ఆపే నెట్ చూపించి ఇదే గట్టిదంటారు. అది క్రోటన్లకూ తమలపాకుకూ పనికొస్తుంది గాని టమాటాకు కాదు. 35 శాతం నెట్ మేలు, దొరకకపోతే 50 శాతం. నాటిన మొదటి వారం పదింటి నుంచి ఐదింటి దాకా, ఆ తరువాత మధ్యాహ్నం వేళ మాత్రం నీడ ఉండాలి, రోజంతా కప్పి ఉంచితే మొక్క సన్నగా సాగి మొదటి గాలికే విరుగుతుంది. నెట్‌ను మొక్కలకన్నా రెండు అడుగుల ఎత్తున, ఒక వైపు వాలు ఉండేలా బిగించి కట్టండి. చదునుగా వదులుగా కడితే వడగళ్లు మధ్యలో పోగుపడి ఆ బరువుకు నెట్ మొక్కల మీదికే దిగుతుంది. పక్కలన్నీ మూసివేస్తే గాలికి నెట్ తెరచాపలా ఉబ్బి స్తంభాలతో సహా లేచిపోతుంది కనుక పడమటి వైపు మాత్రమే కట్టి మిగతావి వదిలేయండి. పిట్టగోడకు ఆనించి పెట్టిన సంచులకు గాలి తాకిడి బాగా తగ్గుతుంది. నాటిన రోజే ఊతకర్ర పాతి, సుతిలి తాడును ఎనిమిది అంకెలా తిప్పి వదులుగా కట్టండి, మొక్క ఎదిగాక పాతితే వేర్లు తెగుతాయి.

ఇంత చేసినా వడగళ్లు పడితే వెంటనే పీకివేయకండి. చివర విరిగినా ఆకుల మొదళ్ల దగ్గర నుంచి పక్క కొమ్మలు లేస్తాయి, నాలుగైదు రోజులు ఆగి వాటిలో బలమైనదాన్ని కాండంగా నిలపండి. కాండం మొదట్లోనే నలిగితే మాత్రం ఆ మొక్క మీద సమయం పెట్టకండి. చిరిగిన ఆకులను కత్తిరించి, మట్టి చిమ్మిన ఆకులను మామూలు నీటితో కడిగి, గాయాల నుంచి తెగుళ్లు చొరబడకుండా లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. వడగళ్ల మర్నాటి ఎండ తేమతో కలిసి మరింత చురుక్కుమంటుంది, దెబ్బతిన్న మొక్కకు ఆ రెండు రోజులూ నీడ తప్పనిసరి. త్వరగా కోలుకుంటుందని ఎరువు వేయడం అప్పుడే వద్దు, కొత్త చిగురు కనిపించాక పలుచని వర్మీ కంపోస్ట్ నీళ్లు ఇస్తే చాలు.

గాలివానలకన్నా నేను ఎక్కువగా భయపడేది వానల మధ్య వచ్చే పొడి రోజులకు, ఎందుకంటే తెల్లదోమ అప్పుడే పెరుగుతుంది, ఆకుముడత వైరస్‌ను మోసేది అదే. వైరస్ సోకిన మొక్కకు మందు లేదు; నాటిన మొదటి నెలలో సోకితే కాయ కూడా ఉండదు. అయితే ఎండకు కూడా టమాటా ఆకులు ముడుచుకుంటాయి, ఈ రెండింటినీ వేరు చేసి చూడడం నేర్చుకోవాలి. ఎండకు ముడిచినప్పుడు కింది ముదురాకులు అంచులు పైకి దొప్పలా చుట్టుకొని, మందంగా, పచ్చగానే ఉంటాయి, మొక్క ఎదుగుదల ఆగదు. వైరస్‌లో పైన వచ్చే లేత ఆకులు చిన్నవై, అంచులు పసుపెక్కి, ముడతలు పడి, కణుపులు దగ్గరై మొక్క గుబురుగా గిడసబారుతుంది. రెండోది కనిపిస్తే ఆ మొక్కను కవరు తొడిగి పీకి, మిద్దె మీద నుంచి తీసివేయండి. పసుపు రంగు జిగురు అట్టలు మొక్క తల ఎత్తున కట్టండి, వారానికోసారి లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి ఆకు అడుగు భాగం తడిసేలా సాయంత్రం వేళ మాత్రమే చల్లండి. ఎండలో నూనె చల్లితే ఆకు మాడుతుంది. ఆకు అడుగున సన్నని గూళ్లు, పైన ఇసుక చల్లినట్టు మచ్చలు కనిపిస్తే అది ఎర్రనల్లి, దానికి ముందుగా నీటి జల్లు గట్టిగా కొట్టండి.

పూత మొదలయ్యాక ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య గుత్తులను వేలితో మెల్లగా తట్టండి, ఉన్న కాస్త మంచి పుప్పొడి రాలి పని చేస్తుంది. ఏప్రిల్ చివరిలో కాసిన కాయ ఎర్రగా పండక నారింజ రంగులో ఆగిపోతే అది రకం లోపం కాదు. 30 డిగ్రీలు దాటిన వేడిలో ఎరుపు రంగునిచ్చే లైకోపీన్ సరిగ్గా తయారు కాదు. అటువంటి కాయలను రంగు తిరగగానే దోరగా కోసి ఇంట్లో చల్లని చోట పెడితే బాగా పండుతాయి, పైగా హఠాత్తుగా పడే వానకు పగిలిపోకుండా కూడా ఉంటాయి. కాయ అడుగు నల్లబడితే మందుల దుకాణానికి వెళ్లేముందు నీరు పోసే తీరు చూసుకోండి, ఒక రోజు ఎండగట్టి మరో రోజు ముంచెత్తితే మట్టిలో సున్నం (కాల్షియం) ఉన్నా కాయకు చేరదు.

వెనుక మడిలో హైబ్రిడ్ ఎక్కువగా కావాలనుకుంటే దానికి ఈ కాలం వదిలి వానాకాలపు నాటు పట్టుకోండి. రోహిణి కార్తెకు ముందు, మే రెండో వారంలో, దోమ చొరబడని వల కింద విత్తితే మృగశిర తొలకరి నాటికి నారు సిద్ధంగా ఉంటుంది. అయితే తొలి వాన పడగానే నాటకండి. మన దగ్గర మొదటి రెండు వానల తరువాత వారం పది రోజులు మళ్లీ ఎండ కాయడం పరిపాటి. మడిని ఆరు అంగుళాల బోదెలుగా ఎత్తుకొని, నేల జానెడు లోతు తడిశాకే నాటండి, నీడ నెట్‌ను జూన్ చివరి దాకా విప్పకుండా చుట్టి పక్కన ఉంచుకోండి.